ముప్పై మందీ హాజరు

ఏప్రిల్ ఆఖరుకి రెండో పంట దాళ్వా వరి కోతలైపోయి, కాలువ కింద చేలన్నీ మోళ్ళతో మిగిలాయి. పచ్చనిది ఏదైనా కంటికి కనిపించిందంటే అది కాలువ గట్టు మీది గడ్డే. ఆ గట్టు బాతులది. అదే వారం జంతువుల బడికి సెలవులిచ్చారు. బడి నడిపే అడవిపంది తలుపుకి తాళం వేసి, "జూన్‌లో కలుద్దాం మాస్టారూ" అన్నాడు.

"మరి అప్పటిదాకా మేత?" అన్నాడు పంతులు సోమలింగం.

"పాఠం లేని నెలకి మేత ఎక్కడిది? మీరు లెక్కల మాస్టారే కదా, మీకు నేను చెప్పాలా?"

సోమలింగం ముసలి ఎద్దు. నాగలి లాగే వయసు దాటాక బడిలో చేరి, ఇరవై రెండేళ్ళుగా దూడలకీ మేకపిల్లలకీ ఎక్కాలు చెబుతున్నాడు. ఆ ఇరవై రెండేళ్ళలో సంపాదించిన ఆస్తి రెండే: ముక్కు మీద దగ్గరివి చదువుకునే కళ్ళజోడు, చంకలో హాజరు పట్టీ. ఇంట్లో ఆవు సూరమ్మ ఉంది. పోయిన వేసవిలో గడ్డి లేక పడిపోయి, వానలొచ్చాక ఎలాగో లేచింది. ఇంకో వేసవి అలాగే గడిస్తే మళ్ళీ లేవదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరూ అనుకోరు.

"పని వెతుక్కుంటున్నారటగా మాస్టారూ," అంటూ నక్క పాపయ్య తుమ్మచెట్టు నీడలోకి వచ్చాడు.

"నేను వెతుకుతూనే ఉన్నాను. నన్ను వెతికేవాళ్ళే లేరు."

"గానుగ దగ్గర అడగలేదా?"

"అడిగాను. గానుగ కంటే నా మోకాళ్ళే ఎక్కువ కిర్రుమంటున్నాయన్నారు."

"ఇటుకల బండి?"

"వెళ్ళాను. నన్ను బట్టీ దాకా తీసుకురావడానికే ఇంకో బండి కావాలన్నాడు మేస్త్రీ దున్న."

"జాతరలో రంగులరాట్నం తిప్పే పని?"

"రెండు చుట్లు తిప్పాను. ఎక్కినవాళ్ళు బాగానే ఉన్నారు, నాకే కళ్ళు తిరిగాయి. పాపం, పిల్లలే దిగి నాకు విసనకర్రతో విసిరారు."

పాపయ్య నవ్వలేదు. నవ్వాల్సిన చోట నవ్వని నక్కని చూసి జాగ్రత్తపడాలి. సోమలింగం మాత్రం ఇతగాడికి తన బాధ అర్థమైందనుకున్నాడు.

"మీకు చేతనైంది పిల్లల్ని చూడటం. ఆ పనే చూసుకోవాలి మాస్టారూ. బాతులు మళ్ళీ పొదగడానికి కూర్చుంటున్నాయి. ఇరవై ఎనిమిది రోజులు గూళ్ళలోంచి లేవకూడదు. తొలి విడత పిల్లలు ముప్పై మంది. కోసిన చేలో రాలిన గింజలు ఏరుకుంటుంటే పక్కన ఓ పెద్దదిక్కు కావాలట. బదులుగా గట్టు మీది గడ్డి అడగండి."

"నక్కవి, బాతుల సంగతి నీకెందుకయ్యా?"

"నేనుండబట్టే కదా మాస్టారూ వాళ్ళకి కాపలా కావాల్సొచ్చింది, మీకు పని దొరుకుతోంది. ఆ మాటకొస్తే మీరే నాకు థ్యాంక్స్ చెప్పాలి."

సోమలింగం దీన్ని ఎటు నుంచి చూసినా తప్పు దొరకలేదు.

"పైగా మీ శిష్యుణ్ణి," అన్నాడు పాపయ్య. "మీరు గుర్తుపట్టరు లెండి. నేను చేలల్లోనే ఉండేవాణ్ణి. నా పేరుకి వెనక బెంచీవాళ్ళు పలికేవాళ్ళు."

సోమలింగం నవ్వాడు. ఎప్పుడో జరిగిపోయిన దొంగతనం గురించి వింటే పంతుళ్ళు అలాగే నవ్వుతారు.

బాతుల్లో పెద్దది బుల్లెమ్మ. గూట్లో కూర్చునే అడిగింది. "పిల్లల్ని ఎలా చూస్తారు మాస్టారుగారూ?"

"రోజూ పొద్దువాలగానే పేరు పేరునా పిలుస్తానమ్మా. పలకని పిల్ల ఉంటే వెతికి తెచ్చేదాకా నీళ్ళు ముట్టను."

"రాసుకుంటారా?"

"రాసుకుంటాను."

చదువురాని బాతులకి ఆ మాట కొండంత ధైర్యమిచ్చింది. "అయితే సరే. మేం లేచేదాకా పిల్లలు రాత్రింబగళ్ళు మీ దగ్గరే. జూన్ దాకా మీరూ, మీ ఆవిడగారూ గట్టు మీద మేయండి. ఒక్క పిల్ల తగ్గినా ఆ పూటే దిగిపోవాలి."

మూడో రోజుకి సూరమ్మ చెవులు కదిపింది. నాలుగో రోజు సాయంత్రం సోమలింగం ఉత్సాహంగా పట్టీ తెరిచాడు.

"పండు."

"ప్రెజెంట్ సార్."

"నాగులు."

"ప్రెజెంట్ సార్."

"చిలకమ్మ."

"ప్రెజెంట్ సార్." ఈ జవాబు చేను పక్కన ముక్కిపోయిన గడ్డివాము వెనకనుంచి వచ్చింది.

సోమలింగం తలెత్తలేదు. ఎత్తినా ఆ కళ్ళజోడుతో మూరెడు దాటితే అంతా మసకే. తీసి చూడొచ్చు. కానీ ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ తీసి చూడలేదు. పేరు పిలవడం, గొంతు వినడం, గీత పెట్టడం. పెన్సిలు దానంతటదే నడిచిపోతుంది.

ముత్యం అనే పిల్ల లేచి నిలబడింది. "మాస్టారూ, చిలకమ్మ లేదండి."

"పలికింది కదమ్మా."

"పలికింది గానీ లేదండి."

"లేకుండా ఎలా పలుకుతుంది?"

"నేనూ అదే అడుగుతున్నానండి."

"పక్కవాళ్ళ హాజరు నీకెందుకు? నీ పేరొచ్చినప్పుడు నువ్వు పలుకు. కూర్చో."

ముత్యం కూర్చుంది. వారం తిరక్కముందే ముత్యం పేరుకి కూడా గడ్డివాము వెనకనుంచే జవాబొచ్చింది. ఈసారి లేచి అడిగే పిల్ల లేదు.

ఇంకో సాయంత్రం సోమలింగం పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. "నాగులూ, గొంతు బొంగురుపోయిందేం?"

"ఎండదెబ్బండి," అంది వాము వెనక గొంతు.

"నీళ్ళు బాగా తాగు."

"తాగుతున్నానండి. భోజనం కూడా బాగానే పడుతోందండి."

సోమలింగం గీత పెట్టాడు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం సూరమ్మ గట్టు మీంచి చేను వైపు చూసి, "పిల్లలు పల్చబడ్డట్టున్నారేమండీ?" అంది.

"ఎండ కదూ, నీడపట్టున ఉండుంటారు."

"ఓసారి లెక్కపెట్టకపోయారా?"

"రోజూ పెడుతూనే ఉన్నాను. ఇదిగో, ముప్పై." పట్టీ తెరిచి చూపించాడు. సూరమ్మ గీతల్ని చూడలేదు, ఆయన మొహం చూసింది.

"పట్టీలో కాదండీ. చేలో."

సోమలింగం కళ్ళజోడు మీద గిట్ట వేశాడు. తీస్తే ముప్పై ఉంటారో ఉండరో తేలిపోతుంది. ఉండకపోతే ఈ పూటే గట్టు దిగాలి. సూరమ్మ డొక్కలు ఇప్పుడిప్పుడే పూడుతున్నాయి. ఆయన కళ్ళజోడుని కాస్త పైకి జరిపి, మళ్ళీ అదే ముక్కు మీద సరిగ్గా పెట్టుకున్నాడు.

"అందరూ పలుకుతూనే ఉన్నారు సూరమ్మా," అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ పూట సరిగ్గా మేయనూ లేదు.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దువాలుతుండగా తల్లులు పది మందీ కొత్త పిల్లల్ని వెంటబెట్టుకుని చేలోకి దిగారు. చుట్టూ చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పిల్లలేరీ మాస్టారుగారూ?" అంది బుల్లెమ్మ.

"ఉండండమ్మా, పేరు పేరునా అప్పజెబుతాను." సోమలింగం పట్టీ తెరిచి గొంతు సవరించుకున్నాడు. "పండు."

జవాబు లేదు.

"నాగులు."

కాలువలో నీళ్ళ చప్పుడు వినిపించింది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు ఉందని ఆయన గమనించలేదు.

"చిలకమ్మ."

"ముత్యం."

సోమలింగం ఆపలేదు. ఆపితే తలెత్తాలి. పదకొండో పేరుకి ఆయన కాళ్ళ దగ్గరనుంచి సన్నగా "ప్రెజెంట్ సార్" అని వినిపించింది. ఇరవై రెండో పేరుకి ఇంకొకటి. మిగతా పేర్లన్నీ ఒక్కొక్కటే వెళ్ళి మోళ్ళ మధ్య పడ్డాయి. తన పిల్ల పేరు వచ్చినప్పుడల్లా ఒక్కో తల్లి ఒక అడుగు ముందుకు వేసింది. పెన్సిలు ఎక్కడా గీత పెట్టలేదు.

ముప్పయ్యో పేరు బుల్లెమ్మ చిన్న కూతురిది.

"సీతాలు," అన్నాడు. అది ఆయనకే వినిపించలేదు.

"లేదు మాస్టారూ," అంది బుల్లెమ్మ. "ఇక తలెత్తండి."

ఎత్తాడు. కళ్ళజోడు తీశాడు. చేను మొత్తం, ఆ చివరనుంచి ఈ చివరదాకా, చక్కగా కనిపించింది. గడ్డివాము వెనక చిన్న చిన్న ఈకలు గాలికి లేచి పడుతున్నాయి. ఆయన కాళ్ళకి అతుక్కుని రెండు పిల్లలు నిలబడి ఉన్నాయి.

బాతులు ఆయన్ని పొడవలేదు, తిట్టలేదు. గట్టు దిగమని కూడా అనలేదు. సూరమ్మే నోట్లో గడ్డి అక్కడే వదిలేసి, తనంతట తాను దిగి, ఎండిన చేలోంచి నడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన నిలబడింది.

పాపయ్య ఆపాటికి కాలువ దాటేశాడు. అవతలి ఊళ్ళో కూడా బడికి సెలవులిచ్చారట. అక్కడి పంతులు మేకకి వేసవి పని చూపించడానికి వెళ్ళాడు.

నీతి: పలికిన గొంతుకి కాదు, కళ్ళెదుట నిలబడ్డ పిల్లకి హాజరు వేయాలి.