గొడుగు ముడిచిన ఆచార్యులు

పొరుగు రాజు మొగలిపూల అత్తరు తీయడానికి పది నిలువుల ఎత్తు రాగి బాన కట్టించాడని తెలియగానే జగపాల మహారాజుకు తిండి సహించలేదు. "మనది పదిహేను నిలువులుండాలి!" అన్నాడు. అత్తరు ఎంత వస్తుందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కంచరి పైడయ్య ఆర్నెల్లు చెమటోడ్చి సముద్రపు ఒడ్డున దాన్ని నిలబెట్టాడు. సన్నగా, నున్నగా, నిటారుగా ఉంది. అంతటితో ఊరుకుంటే ఆస్థాన స్థపతి త్రిలోచనాచార్యులు ఎందుకవుతాడు? బాన నెత్తిన బండిచక్రమంత రాగి గొడుగు పెట్టించి, దాని చుట్టూ తన బిరుదులు చెక్కిన రేకులు వేలాడదీయించాడు.

పొయ్యి వెలిగించిన నాడే గాలి లేచింది. బాన ఊగింది. అడుగున అతుకు విచ్చి లోపలి ఆవిరి బుస్సుమని బయటికి తన్నింది.

"పనితనం లేదు ప్రభూ! వీణ్ణి దేశం నుంచి వెళ్ళగొట్టాలి" అన్నాడు ఆచార్యులు.

పైడయ్య రాజు కాళ్ళమీద పడ్డాడు. "ఆరుగురు పిల్లలోణ్ణి మారాజా! ఆ గొడుగు తీయించండి బాబూ. అప్పుడూ ఊగితే ఎళ్ళగొట్టండి."

"గొడుక్కీ ఊగడానికీ ఏమిటి సంబంధం? శాస్త్రం తెలియని మాట!"

రాజుకు శాస్త్రం అంటే భయం. పాపం, తలూపబోయాడు.

అంతలో ఆయన వెనక వింజామర ఆగింది. వింజామర వీచే మంగతాయికి ఇరవై ఏళ్ళుగా గాలితోనే పని.

"ప్రభూ, ఆచార్యులవారు తమ చేతిలోని తెల్లగొడుగు విప్పి పట్టుకుని, ఒక్క గడియ ఆ కోట బురుజుమీద కదలకుండా నిలబడితే చాలు. పైడయ్యతోపాటు నేనూ దేశం విడిచిపోతాను. కదిలితే మాత్రం పైడయ్య మాట వినండి."

"సరే" అన్నాడు రాజు.

ఆచార్యులు నవ్వాడు. రాజు బహూకరించిన ఆ తెల్లగొడుగును ఆయన నీడలో కూడా ముడిచేవాడు కాదు.

బురుజెక్కి, కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టి, గొడుగెత్తి దర్జాగా నిలబడ్డాడు. సముద్రం మీంచి గాలి వచ్చింది. ఆచార్యులు ఇటు ఊగాడు, అటు ఊగాడు. కాళ్ళు ఎడంగా జరిపాడు. కాస్త నయమనిపించింది. ఇంకో విసురుకు బురుజు అంచు మరీ దగ్గరగా కనబడింది. ఠక్కున గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నాడు. ఇక కదిలితే ఒట్టు!

"అయ్యో, గొడుగు ముడిచారేం ఆచార్యులవారూ?" కిందనుంచి కేకేసింది మంగతాయి.

"గాలి పట్టి లాగేస్తోంది! పడి చావమంటావా?"

"మరి కాళ్ళు ఎడంగా పెట్టారేం?"

"అడుగు వెడల్పుంటేనే కదటే నిలబడేది!"

మంగతాయి రాజుకేసి తిరిగి చేతులు జోడించింది.

"విన్నారుగా ప్రభూ. పైన గొడుగు తీసేసి, కింద అడుగు వెడల్పు చేయమని ఆచార్యులవారే సెలవిచ్చారు."

అక్కడున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. రాజు కళ్ళు తుడుచుకుంటూ తన చేతి కడియం తీసి పైడయ్యకు తొడిగాడు. బానలో దిగే మొదటి అత్తరు మంగతాయికే అని ప్రకటించాడు.

ఆచార్యులు మెల్లగా బురుజు దిగి వచ్చాడు. "మరి నా బిరుదులు?" అన్నాడు నీరసంగా.

"అడుగున చెక్కిద్దాం స్వామీ" అంది మంగతాయి. " అంత బరువు కింద ఉంటే ఇక ఏ గాలికీ బాన కదలదు."