కోరలు పెద్దవి వెయ్యవ్వా!

అనగనగా ఒక ఏటి ఒడ్డు. కాస్త ముందుకి జరగండి నాయనా, వెనక కూర్చున్న అవ్వలకి కూడా వినబడాలి. ఆ ఒడ్డున, గుడ్డల మీద దేవుళ్ళ బొమ్మలు రాసే అద్దకంవాళ్ళ ఊరొకటి. ఆ ఊరి వేల్పు నరసింహస్వామి.

ఆ ఊళ్ళో తిరిపాలమ్మ అనే అవ్వ ఉండేది. ఆమె మనవరాలు ఓబులమ్మ, అయిదేళ్ళది. ఓబులమ్మ అంటే ఆ నరసింహస్వామి పేరే, ఆ స్వామిని చూస్తే మాత్రం హడలు! గుడి గడప దగ్గరే అవ్వ కొంగులో దూరి, "సింహం కరుస్తుంది, ఇంటికి పోదాం" అని ఒకటే ఏడుపు.

"ఈ స్వామి జయంతికి దీన్ని ఇంట్లోనే వదిలేసి పోదాం అత్తా," అంది కోడలు.

అవ్వకి ఆ మాట నచ్చలేదు. కాపాడే స్వామిని చూసి పసిబిడ్డ జన్మంతా పారిపోవాలా? నోటితో చెబితే వినలేదు. బొమ్మ రాసి చూపిస్తే వింటుందేమో! నేరుగా అద్దకం మునెయ్య ఇంటికి పోయింది.

"నాకు కలం పట్టడం నేర్పు నాయనా."

మునెయ్య నవ్వాడు. "ఈ వయసులో జపం చేసుకోవాలి గాని, కలమెందుకు పెద్దమ్మా?"

"జపం నోటితో చేస్తాలే. చేతులు ఖాళీయేగా!"

మునెయ్య నేర్పాడు. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో గుడ్డను నానబెట్టి ఆరబెట్టాలి. అప్పుడే రంగు గీసినచోట నిలుస్తుంది.

'పసిబిడ్డ తాగే పాలు గుడ్డకి పోస్తారా, పాపం!' అనుకుంది అవ్వ. పాలు మనవరాలికి తాపించి, గుడ్డను ఉత్త కరక్కాయ నీళ్ళలో ముంచి బొమ్మ రాసింది. నల్లరంగు పాకి పాకి స్వామి ముఖమంతా మసైపోయింది. ఓబులమ్మ కెవ్వున అరిచి పారిపోయింది.

"పాలు తాగిందీ మీ పిల్లే, బెదిరిందీ మీ పిల్లే!" అన్నాడు మునెయ్య.

రెండోసారి అవ్వ పాలు పోసింది. వేళ్ళు నొప్పి పుట్టేదాకా నెల్లాళ్ళు గీసింది. మండే కళ్ళు, చీల్చే గోళ్ళు, కొడవళ్ళలాంటి కోరలు! మునెయ్య చేతులు జోడించాడు. ఓబులమ్మ మంచం కింద దూరింది.

జయంతి ఇంక మూడు రోజులే. అవ్వ మూడో గుడ్డ పరిచింది. ఏమీ గీయకుండా మంచం కిందికి వంగింది.

"ఓబులూ, నాకు చేతకావడం లేదే. నువ్వొచ్చి చెప్పు. ముందు ఎవర్ని రాయమంటావు?"

పిల్ల తల బయటపెట్టింది. "సింహం వద్దు. నువ్వు చెప్పిన కథలో ఆ పిల్లోడున్నాడే, వాణ్ణి రాయి."

అవ్వ ప్రహ్లాదుణ్ణి రాసింది.

"వాళ్ళ నాయన వాణ్ణి కొట్టాడా?"

"కొండ మీంచి తోయించాడు. ఏనుగులతో తొక్కించాడు."

ఓబులమ్మ పాకుతూ వచ్చి అవ్వ ఒళ్ళో కూర్చుంది. "మరి వాడికెవరూ లేరా?"

"ఎందుకు లేరు? ఇదిగో, స్తంభంలోంచి వస్తున్నాడు!" అంటూ అవ్వ స్వామిని రాసింది. ఆయన చెయ్యి పిల్లవాడి తల మీద పెట్టింది. కోరల దగ్గరికొచ్చేసరికి జంకి, రెండు చిన్న చుక్కలతో సరిపెట్టింది.

"అవేం పళ్ళవ్వా, పాలపళ్ళు! కోరలు పెద్దవి వెయ్యి. వాణ్ణి ఇంకెవరూ ముట్టుకోకూడదు!" అని ఓబులమ్మ అవ్వ చెయ్యి పట్టుకుని తానే గీసింది, చెవులదాకా!

జయంతినాడు గడప అందరికంటే ముందు దాటింది ఎవరనుకున్నారు? ఓబులమ్మే. గర్భగుడి ముందు నిలబడి స్వామిని తేరిపార చూసింది. తర్వాత రెండు చేతులూ చాచి, "అవ్వా, ఎత్తుకో. స్వామికి నేను కనబడొద్దూ?" అంది.

అందుకే అమ్మలారా, అయ్యలారా! దూరంగా నిలబెట్టి చూపిస్తే దేవుడు పిల్లలకు భయమవుతాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపిస్తే తోడవుతాడు.