పలికినమ్మ కోన

పలికినమ్మ కోనకు వచ్చే భక్తులకు మొదటి మెట్టు దగ్గరే పూజారి ఒక మాట చెబుతాడు. కొండ దిగేదాకా ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరాదు. ఇవన్నీ ఛాదస్తాలని నవ్వే చదువుకున్నవారూ వస్తుంటారు. పైకెక్కాక అందరికంటే ముందు నోరు మూసుకునేది వారే.

పూర్వం ఇక్కడ కంబగిరి అనే మూలికావైద్యుడు ఉండేవాడు. మిట్టమధ్యాహ్నం, తన నీడ మొక్క మీద పడని వేళ చూసి, రోగి పేరు మొక్కకు చెప్పి ఆకు కోయడం వారి ఇంటి ఆచారం. చెప్పకుండా కోసింది ఉత్త ఆకే తప్ప మందు కాదని వారి నమ్మకం.

కంబగిరికి, అతని భార్య తిప్పమ్మకు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడోసారి ఆడపిల్ల పుడితే, మృత్యువు కన్ను పడకుండా పెంటమ్మ అని పిలుచుకున్నారు. అసలు పేరు తల్లి ఒక్కతే బిడ్డ చెవిలో చెప్పింది. తర్వాత అది ఎవరి నోటా రాలేదు.

ఏడో ఏట పెంటమ్మకు విషజ్వరం తగిలింది. కంబగిరి కోనకు పరుగెత్తి, "పెంటమ్మ కోసం" అని ఆకు తుంచాడు. అది అరచేతిలోనే నల్లబడింది. రెండో రోజూ అంతే. మూడో రోజు గాలి లేకున్నా మొక్కలన్నీ అతనివైపు వంగాయి. "ఎవరు?" అని సన్నటి గొంతు ఒకటి అడిగింది.

అతను ఇంటికొచ్చి కూలబడ్డాడు. "చావును ఏమార్చబోయి చెట్టును ఏమార్చినాం మే. అసలు పేరు చెప్పు," అన్నాడు భార్యతో.

"పైకి చెప్తే చావు గూడా వింటాది. నేనే వస్తా," అంది తిప్పమ్మ.

మర్నాడు మధ్యాహ్నం భర్తను దిగువనే ఉంచి, ఆమె ఒక్కతే వెళ్ళి మొక్కకు ఆ పేరు చెప్పింది. ఆకులు వాటంతటవే ఒడిలో రాలాయి. వాటిని తెచ్చి భర్త పంచెలో పోస్తూ ఆమె లోయవైపు తిరిగింది.

"చావు పిలుస్తాంది," అంది.

"నాకేం వినపడలేదే?"

"ఆ పేరు తెలిసినోళ్ళకే వినపడతాది. పుట్టినప్పుడు చెవిన పడింది గదా, ఇంటికాడ బిడ్డకు గూడా వినపడతాది. బిడ్డ పలికేలోగా నేను పలుకుతా. నువ్వు పరుగెత్తు!"

అతడు పరుగెత్తాడు. వెనక నుంచి "ఆఁ, నేనే!" అన్న భార్య కేక ఒక్కసారి వినిపించింది.

పసరు తాగిన బిడ్డ సాయంత్రానికి కళ్ళు తెరిచింది. కంబగిరి తిరిగి వెళ్ళేసరికి తిప్పమ్మ నిలబడ్డ చోట ఆమె ఎత్తు రాయి ఉంది. బిడ్డకు బదులు పలికింది గనుక ఆమె పలికినమ్మ అయింది. నడివేసవిలోనూ చల్లగా ఉండే ఆ రాయే నేటి మూలవిరాట్టు.

పెంటమ్మ పెరిగి తండ్రి వైద్యం చేపట్టింది. ముసలిదయ్యేదాకా ఏటా వచ్చి, "అమ్మా, ఒక్కసారి నన్ను నా పేరుతో పిలువు," అని రాతిని అడిగేదట.

నేటికీ ఇక్కడ పసరుతీర్థం నూరేది పెంటమ్మ వంశపు ఆడవారే. రోలు ముందు కూర్చోగానే ముందుగా అమ్మను ఆ పేరు అడుగుతారు. చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి కాసేపు చూస్తారు. రాయి పలకదు. అమ్మ ఇంకా ఆ పేరు దాచి బిడ్డను కాస్తూనే ఉందని, హమ్మయ్య అనుకుని, అప్పుడు ఆకు నూరడం మొదలుపెడతారు. ఆ తీర్థం పుచ్చుకున్న బిడ్డలందరూ నిండునూరేళ్ళు చల్లగా ఉందురు గాక.