గడప తొక్కొద్దన్న రాజు

అనగనగా, మనకి పడమటి వైపు ఎక్కడో సముద్రపొడ్డున టైరు అనే ఊళ్ళో, అజెనోరు అని ఒక రాజు ఉండేవాడు. ఆయనకి ముక్కు మీదే కోపం. ఊఁ కొట్టు, లేకపోతే నాకూ వస్తుంది.

ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, ఒక్కగానొక్క కూతురు యూరోపా. ఒకరోజు ఆ పిల్ల ఒడ్డున పూలు కోసుకుంటుంటే తెల్లటి ఎద్దొకటి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల దాని మెడలో దండ వేసి వీపెక్కింది. అప్పుడది సముద్రంలోకి దిగి ఈదుకుంటూ పోయింది. ఎద్దు వేషంలో వచ్చిన దొంగ దేవుడది. దేవుడైతే మాత్రం ఏంటి, వాడంటే నాకు ఒళ్ళు మంట.

రాజు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఏడవాలని ఉంది, ఏడవడం చేతకాక అరిచాడు. కోట తలుపు దగ్గర కాపలావాణ్ణి పిలిచి, "పిల్ల లేకుండా ఎవరొచ్చినా సరే, తలుపు తీశావంటే నీ తల తీయిస్తా" అన్నాడు.

అప్పుడు పెద్దకొడుకుని చెల్లెల్ని వెతకమని తరిమాడు. వాడు వెతికి వెతికి, దొరక్క, ఇంటికి రావడానికి భయపడి, పోయినచోటే ఊరు కట్టుకున్నాడు. ఆ తర్వాత రెండోవాణ్ణి తరిమాడు. వాడూ అంతే. ఆ తర్వాత చిన్నవాణ్ణి భుజం పట్టి గుమ్మం దాకా లాక్కొచ్చాడు.

అప్పుడు వాళ్ళమ్మ, రాణి టెలిఫాసా, అడ్డం వచ్చింది. "ఆడపిల్లని ఎద్దు ఎత్తుకుపోయింది. మగపిల్లల్ని ఎవరెత్తుకుపోయారండీ?" అంది.

రాజు గుమ్మం వైపు వేలు చూపించి, "నువ్వూ పో" అన్నాడు. ఆవిడ చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత ఆరు కంచాల్లో ఒక్కదాంట్లోనే అన్నం. కసురుకుందామన్నా మనిషి లేడు. "చేతకానివాళ్ళు, నేనే వెతుకుతా" అంటూ రాజు ఒడ్డుకి పోయాడు. పొద్దుగూకేదాకా కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. గొంతు పోయింది గానీ ఎవరూ పలకలేదు. తిరిగొచ్చి కోట తలుపు తట్టాడు.

"అమ్మాయిగారు దొరికారా?" అని లోపల్నుంచి కాపలావాడు అడిగాడు.

"లేదు. నేనురా, రాజుని."

"ఎవరొచ్చినా తీయొద్దన్నది తమరే కదా ప్రభూ. నాకూ పిల్లలున్నారు, నా తల నాకు కావాలి."

రాజు తలుపుని గుద్దాడు, తన్నాడు, తిట్టాడు. ఆయన కట్టించిన తలుపే, గట్టిది. చివరికి మెట్టు మీద కూలబడి, అప్పుడు ఏడ్చాడు. "ఒట్టి చేతుల్తోనే రండిరా, ఇంటికి రండి" అన్నాడు. వినాల్సినవాళ్ళు ఒక్కరూ అక్కడ లేరు.

నువ్వు రేపు పలక పగలగొట్టుకొచ్చినా, చెప్పులు పోగొట్టుకొచ్చినా, నేను తిడతాను. తిడుతూనే తలుపు తీస్తాను.

కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
కోపమేమో కడలికి, నువ్వేమో నా ఒడికి.