మూకీ దయ్యానికి సన్నాయి

నిన్న టౌన్‌హాల్లో తెర మీదికి దయ్యం వచ్చింది. జనం నవ్వారు. ఆ నవ్వు తెల్లారినా రత్నాకర్ చెవుల్లోంచి పోలేదు.

అది పాత మూకీ సినిమా. మాట లేదు, పాట లేదు. దానికి సన్నాయి, డోలుతో కొత్తగా సంగీతం కట్టి, తెర పక్కనే కూర్చుని వాయించాలని రత్నాకర్ పంతం. "పెళ్లిపందిరి నుంచి సన్నాయికి విముక్తి" అని పోస్టర్లు కూడా తనే రాశాడు. తాతల నాటి నుంచి పెళ్లిళ్లలో సన్నాయి ఊది, చివరి బంతిలో తిన్న ఇల్లు వాళ్లది. ఆ కోపం ఊరికే వచ్చింది కాదు.

తీరా నిన్న తెలిసినవాళ్లను పిలిచి వేసిన ఆటలో, ప్రేతం చెయ్యి సినిమాలోని పిల్ల మెడ మీదికి రాగానే సన్నాయి, డోలు ఒక్కసారిగా హోరెత్తాయి. వెనక బెంచీలోంచి ఎవడో, "తాళి కట్టేస్తున్నాడు, అక్షింతలు వెయ్యండర్రా" అన్నాడు. హాలు హాలంతా గొల్లుమంది.

అసలు ఆట ఈ సాయంత్రం. మళ్లీ నవ్వితే ఇక సన్నాయి ముట్టనని, డోలు వాయించే ఏసోబుతో తెగేసి చెప్పాడు రత్నాకర్. మధ్యాహ్నం గురువు ఖాసిం సాహెబును హాలుకు తీసుకొచ్చాడు.

"జనం చైతన్యం మొద్దుబారింది, గురువుగారూ. భూస్వామ్య సంస్కృతి వాళ్ల చెవులు మూసేసింది."

"మనం వాయించింది గట్టిమేళమే కదన్నా," ఏసోబు గొణిగాడు.

"నువ్వుండు."

సాహెబు కుర్చీ లాక్కుని, తెరకు వీపు పెట్టి కూర్చున్నాడు. సన్నాయి ఒళ్లో పెట్టుకున్నాడు.

"బొమ్మ వెయ్యమను. ఏం జరుగుతోందో నువ్వు చెప్పు, నేను ఊదుతా."

రత్నాకర్ గొంతు సవరించుకున్నాడు. "ఈ మేడ కూలిపోతున్న ఒక వర్గానికి ప్రతీక. ప్రేతం అంటే పీడన. చరిత్ర..."

సన్నాయి ఒళ్లోనే ఉంది.

"మేడలో ఎవరున్నారు?"

"ఒక స్త్రీ. యుగయుగాల అణచివేతకు..."

"ఏం చేస్తోంది నాయనా, ఆమె?"

రత్నాకర్‌కు ఒళ్లు మండింది. "తలుపు గడియ పెడుతోంది," అన్నాడు పుల్ల విరిచినట్టు.

"ఊఁ."

"కిటికీ మూసింది. లాంతరు వత్తి తగ్గించింది. మంచం దగ్గరకొచ్చి జడ విప్పుకుంటోంది. గడియ పెట్టాను, ఇంకేం పర్లేదు అనుకుంటోంది."

"ఊఁ."

"మంచం మీద దుప్పటి..." రత్నాకర్ ఆగాడు. ఈ బొమ్మ ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ నోటితో చెప్పలేదు. "దుప్పటి మెల్లగా లేచి పడుతోంది. కింద ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. ఆమె చూడలేదు."

ఆ చివరి మాట, దుప్పటి కిందివాడికి ఎక్కడ వినబడుతుందోనన్నట్టు, గుసగుసగా వచ్చింది.

సాహెబు సన్నాయి ఎత్తాడు. ఊరేగింపు వస్తోందని నాలుగు వీధుల అవతలికి చెప్పే వాద్యం అది. దాని మీద ఒక్క కింది స్వరాన్ని ఊపిరంత సన్నగా పట్టి, అలాగే ఉంచాడు. ఏసోబు డోలు మీది చెయ్యి తీసేశాడు.

రత్నాకర్ కట్టిన సంగీతంలో అక్కడ ఏమీ లేదు. హోరు ఎత్తుకోబోయే ముందు, ఏసోబు వేళ్లకు తొడుగులు సర్దుకోవడానికి వదిలిన ఖాళీ అది.

స్వరం ఆగింది. రత్నాకర్ వెనక్కి తిరిగి, సినిమా మళ్లీ మొదటి నుంచి వెయ్యమని ఆపరేటరును కేకేశాడు.

"అంతా మారుస్తావా ఏంది?" అన్నాడు ఏసోబు. "ఆరింటికల్లా జనం వచ్చేస్తారన్నా."

"రానీ."

తన సన్నాయి తీసి, దాని ఊదే పీకను పెదాల మధ్య పెట్టి తడుపుకున్నాడు.

"గురువుగారూ, ఆ స్వరం తర్వాత ఏం రావాలి?"

సాహెబు తెర వైపు తిరగలేదు.

"నన్నడుగుతావేం? చూస్తున్నది నువ్వు."