ఏలీషా కుడి చెయ్యి

సికింద్రాబాదులో పియానో నేర్పే రూఫస్ మాస్టారు, పాఠం మధ్యలో శిష్యులెవరైనా ప్రశ్న వేస్తే వాదనకు దిగరు. జరిగిన సంగతి ఏదో ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఒకనాడు మొదటి కచేరీకి సిద్ధమవుతున్న నీరజ ఆయన్ని అడిగింది: "కళ్ళు మూసుకుని విన్నా వాయించేది నేనేనని జనానికి తెలియాలి మాస్టారూ. ఆ ముద్ర నాకెప్పుడు వస్తుంది?"

మాస్టారు ఇలా చెప్పారు.

సలోమీ, ఏలీషా ఒకే గురువు దగ్గర పియానో నేర్చుకున్నారు. ఇద్దరూ దేశదేశాల్లో కచేరీలు చేశారు. ఆమెది ఉరవడి, అతనిది నిదానం. ఎవరు గొప్ప అని పత్రికలు రాసీ రాసీ ఇద్దరి మధ్యా మాటలు లేకుండా చేశాయి. ఒకరి కచేరీకి ఒకరు వెళ్ళేవారు కారు. యాభై దాటాక ఏలీషాకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అతను పియానో మీద దుప్పటి కప్పేశాడు.

కబురు తెలిసి సలోమీ అతని ఇంటికి వెళ్ళింది.

"చూసిపోదామని వచ్చావా?" అన్నాడు ఏలీషా.

"వాయిద్దామని వచ్చాను. ఎడమచేతిది నువ్వు వాయించు, కుడిచేతిది నేను చూసుకుంటాను" అని ఆమె దుప్పటి తీసి, పియానో ముందున్న బల్ల మీద కుడివైపున కూర్చుంది.

అతను చాలాసేపు కదల్లేదు. చివరికి వచ్చి పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు ఇద్దరూ నేర్చుకున్న ఒక నెమ్మదైన రచన మొదలుపెట్టారు. నాలుగు వరుసలు దాటకముందే అతను ఆపేశాడు.

"ముందుకు పోతున్నావు. నా చెయ్యి ఏమంటోందో వినడం లేదు."

ఆమెతో ఎవరైనా అలా అని చాలా ఏళ్ళయింది. సలోమీ ముఖం ఎర్రబడింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు. ఆమె మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. అతను మళ్ళీ ఆపాడు. మళ్ళీ ఎత్తుకుంది. పొద్దు వాలేసరికి, అతను ఊపిరి తీసుకునే చోటల్లా ఆమె వేళ్ళు కూడా ఆగసాగాయి.

రచన చివరికొస్తుండగా ఏలీషా భార్య కరుణ బజారు నుంచి వచ్చింది. ఇంట్లోంచి వినబడుతున్న వాయింపు విని, కూరల సంచి వాకిట్లోనే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"మీ చెయ్యి వచ్చేసిందా?" అంటూ గుమ్మంలోకి వచ్చి, అతని పక్కన సలోమీని చూసింది. గోడకు ఆనుకుని అక్కడే నిలబడిపోయింది.

కథ అయ్యాక నీరజ అడిగింది: "అంత పేరున్న సలోమీ గారి వాయింపును కరుణ గారు పోల్చుకోనే లేదు. సలోమీ గారు చిన్నబుచ్చుకోలేదా మాస్టారూ?"

"మరుసటి వారం మళ్ళీ వెళ్ళింది" అన్నారు రూఫస్ మాస్టారు.