ఇస్సాకు మూడో దెబ్బ

ఎప్పుడు జరిగిందని అడక్కండి. మా తాత వాళ్ళ తాత దగ్గర విన్నాడు, నేను మా తాత దగ్గర విన్నాను. ఊఁ కొట్టేవాళ్ళు ముందుకి జరగండి. కునికేవాళ్ళు వెనక్కి పోండి.

గోదారి మధ్యన ఒక లంక. ఆ లంకలో డప్పు ఇస్సాకని ఒకడుండేవాడు. ఏ కబురొచ్చినా డప్పు కొట్టి ఊరికి చాటడం అతని పని. అందుకు అరెకరం మాన్యం చెక్క ఇచ్చారు. అతనికీ, పెళ్ళాం రాహేలమ్మకీ ఆ చెక్కే కూడు.

వయసులో ఉండగా ఇస్సాకు ఒక తప్పు చేశాడు. అవతలి గట్టు నుంచి ఎవడో వచ్చి, "బర్తిమయి తాత కూతురింట్లో పోయాట్ట" అన్నాడు. అంతే, ఇస్సాకు డప్పు తీసి చాటేశాడు. మగాళ్ళు గొయ్యి తవ్వారు. ఆడాళ్ళు గుండెలు బాదుకున్నారు. సాయంత్రానికి ఆ తాత నిక్షేపంలా పడవ దిగి, "ఎవరికర్రా గొయ్యి?" అన్నాడు.

నవ్వుతారేం? ఇస్సాకుకి నవ్వు రాలేదు. సిగ్గుతో చితికిపోయాడు. ఆదివారం ప్రార్థన పాకలో లేచి నిలబడి, "చూడంది చూసినట్టు చాటాను ప్రభువా, క్షమించు" అని ఏడ్చాడు.

ఆనాటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరో చెప్పిన కబురైతే రెండు దెబ్బలు. తన కళ్ళతో చూసిందైతే మూడు. లంకంతటికీ అది అలవాటైపోయింది. రెండు వినబడితే చేతిలో పని ముగించుకుని వచ్చేవారు. మూడు వినబడితే చేతిలోది అక్కడే పడేసి వచ్చేవారు.

ఆ లంకలో ఇంకో ఆచారం ఉండేది. కాగితాలూ పట్టాలూ ఏమీ లేవు. ఎవరి పొయ్యి వెలుగుతుంటే ఆ నేల వాళ్ళది. దిగువన నలభై గుడిసెల వాళ్ళు పొయ్యిలు పెట్టుకుని, వండ్రు మట్టిలో బంగారం లాంటి పంట తీస్తున్నారు. మునసబుగారి కన్ను ఆ నేల మీద పడింది. ఇస్సాకుకి కబురు పెట్టాడు.

"ఒరే, వరదొస్తోందని చాటు. మూడు దెబ్బలు కొట్టు."

"వరదెక్కడిదండీ బాబూ? పొద్దున్నే ఏరు చూశాను. మోకాలి లోతు లేదు."

"ఆ సంగతి నాకు తెలీదట్రా! వాళ్ళు గుడిసెలొదిలి గట్టెక్కితే అక్కడ నా మనుషులు పొయ్యిలు వెలిగిస్తారు. నీకింకో అరెకరం ఇస్తాను."

"వరద చూడలేదండి. కొట్టనండి."

రెండో రోజు మళ్ళీ పిలిచాడు. "నీ చెక్క లాగేసుకుంటాను, జాగ్రత్త."

"వరద చూడలేదండి. కొట్టనండి."

ఆ పూట రాహేలమ్మ నెత్తి కొట్టుకుంది. "నోటితో అబద్ధం ఆడమన్నారా మామా? చేత్తో మూడు దెబ్బలేగా! కొట్టేసి వచ్చెయ్యి. రేపేం తింటాం?"

ఇస్సాకుకీ భయంగానే ఉంది. "నా నోటిని ఎవరు నమ్మారే? ఆ మూడో దెబ్బనే నమ్మారు. పైనున్న ప్రభువు వినేదీ అదే" అన్నాడు.

మూడో రోజు మునసబు పిలవలేదు. మనుషుల్ని పంపి చెక్క లాక్కున్నాడు, డప్పూ లాక్కున్నాడు. ఆ డప్పు తన పాలేరు గంగన్న మెడలో వేశాడు. గంగన్న వెళ్ళి దిగువన మూడు దెబ్బలు కొట్టాడు. జనం గుడిసెలు వదల్లేదు. తిన్నగా ఇస్సాకు ఇంటికొచ్చారు.

"చూశావా ఇస్సాకూ?"

"చూడలేదు."

సరేనని వెళ్ళి ఎవరి పొయ్యి వాళ్ళు వెలిగించుకున్నారు. మునసబు పళ్ళు కొరుక్కున్నాడు. ఇస్సాకుకి మాత్రం కూలే గతైంది. మూడు పూటల తిండి రెండయింది, రెండు ఒకటయింది.

ఆషాఢం వచ్చింది. ఒకరోజు ఇస్సాకు లంక ఎగువ కొసన రెల్లు కోస్తున్నాడు. వాన దంచుతోంది. తలెత్తి చూస్తే ఏరు ఎర్రగా పొంగుతోంది. నీళ్ళ మీద ఒక ఇంటి కప్పు తేలుతూ వస్తోంది. కొడవలి పడేసి పరిగెత్తాడు. డప్పు చూస్తే గంగన్న దగ్గరుంది. తన దగ్గరున్నా వానకి నాని మోగదు. ఇంట్లో ఉన్న ఒక్క ఇత్తడి పళ్ళెంలో రాహేలమ్మ గంజి తాగుతోంది. అది లాక్కుని, గంజి ఒంపేసి, గరిటెతో కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

"చూశానహో! నా కళ్ళతో చూశానహో!"

నలభై గుడిసెలూ లేచాయి. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, ముసలాళ్ళని మోసుకున్నవాళ్ళు గట్టు మీదికి పరుగు.

మునసబుగారి లోగిలి కూడా పల్లంలోనే ఉంది. ఆయన భోజనం చేస్తున్నాడు. మూడు దెబ్బలు విని, ఎంగిలి చేత్తోనే లేచాడు.

"ఇదేం చోద్యం! మీరు వెళ్ళగొట్టినవాడి మాట నమ్ముతారా?" అంది ఆయన భార్య.

"అబద్ధం కొట్టమంటే కొట్టనందుకే గదే వెళ్ళగొట్టాను! పద, పిల్లల్ని తీసుకో!" అని అరిచాడు మునసబు.

గుడిసెలు పోయాయి. మునసబు లోగిలీ పోయింది. మనిషన్నవాడు ఒక్కడు కూడా పోలేదు.

నీళ్ళు తీశాక మునసబు తల దించుకుని వచ్చి, "నీ చెక్క నీదేరా" అన్నాడు. ఏం లాభం? ఆ చెక్క అప్పటికే గోదారి పాలైంది. దిగువ వాళ్ళు మళ్ళీ పొయ్యిలు పెట్టుకుని, ఇస్సాకునీ రాహేలమ్మనీ వంతులేసుకుని సాకారు.

ముసలితనంలో ఇస్సాకు పోయాడు. చాటడానికి గంగన్న డప్పు తీసుకొచ్చాడు. ఎన్ని కొట్టాలో తోచలేదు. లోపలికెళ్ళి ఇస్సాకు మొహం చూశాడు. బయటికొచ్చి, ఏడుస్తూ, మూడు కొట్టాడు.

ఇప్పటికీ ఆ లంకలో ఎవరు కొత్త కబురు తెచ్చినా ముందు, "రెండా, మూడా?" అని అడుగుతారు. ప్రార్థన పాకలో ప్రభువు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ళు కాస్త ఎక్కువ చేసి చెబితే, వెనక నుంచి ఏ ముసలమ్మో, "రెండా, మూడా నాయనా?" అంటుంది. చాలామంది అక్కడితో ఆపి కూర్చుంటారు.

నన్నూ అడుగుతారని తెలుసు. ఇస్సాకుని నేను చూడలేదు. నావి రెండే.